విలువా, వెలా: పాత తెలుగు పుస్తకం మీద ఒక సంవాదం

పాత పుస్తకానికి వెల ఒకటి, విలువ ఒకటి. వెల కొనేవాడి ఆరాటాన్ని బట్టి ఉంటుంది. విలువ ఆ ప్రతి ఏ ముద్రణది, ఎంత నిండుగా ఉంది, అలాంటివి ఇంకెన్ని మిగిలాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏది తేల్చాలన్నా ముందు చేతిలో ఉన్నది ఏ పుస్తకమో తెలియాలి. తెలుగులో ఈ పని కాస్త చిక్కైనదే. ఒకే కావ్యాన్ని పది అచ్చుకూటాలు పది రకాలుగా వేశాయి. చాలా పుస్తకాల మీద తేదీ ఉండదు. ఉన్నా సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. ముందూ వెనకా నాలుగేసి పేజీలు ఊడిపోయిన ప్రతులే ఎక్కువ.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. ఒకరు మద్రాసు మూర్ మార్కెట్లో మూటలు విప్పుతూ వృత్తి నేర్చుకున్న పాత పుస్తకాల వర్తకుడు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయాక మకాం మార్చాడు. రెండోవారు పాత గ్రంథాలకు సూచిక రాసే గ్రంథపాలకురాలు. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక మూట ఉంది. కూల్చబోతున్న మండువా ఇంటి అటక మీద నుంచి దింపింది. అందులో తోలు బైండు భాగవతం, అట్టలు లేని సినిమా పాటల పుస్తకాలు, ముఖపత్రం ఊడిన శతకాల సంపుటి, ‘కన్యాశుల్కం’ ప్రతి ఒకటి, బ్రౌన్ నిఘంటువు, బైండు చేయించిన చందమామలు ఉన్నాయి.

వర్తకుడు: ఇంటివాళ్ళు భాగవతాన్ని పట్టుగుడ్డలో చుట్టి, పసుపూ కుంకుమా పెట్టి ఇచ్చారమ్మా. పాటల పుస్తకాలనేమో చిత్తుకాగితాల్లో కలిపేశారు. నేనైతే ముందు చిత్తుకాగితాలకే బేరమాడతాను. భాగవతాన్ని ఎవరూ తూకానికి వెయ్యరు, పాపమని భయం. అందుకే వందేళ్ల నాటి ప్రతి అయినా ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తుంది. పాటల పుస్తకం అలా కాదు. సినిమా హాలు బయట అణాకో రెండణాలకో కొనుక్కుని, నాలుగు రోజులు పాడుకుని, పొట్లం కట్టేసేవాళ్ళు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో టాకీలు మొదలయ్యాయి. ఆ తర్వాతి పదేళ్ల పాటల పుస్తకాలు ఇప్పుడు ఎందరి దగ్గర ఉన్నాయంటారు? పుస్తకం ముసలిదైతే చాలదు, దాని ఈడువాళ్ళంతా పోయి ఉండాలి.

గ్రంథపాలకురాలు: ఒప్పుకుంటాను బాబాయిగారూ. బాలశిక్షలూ పంచాంగాలూ కూడా అంతే. పిల్లల చేతుల్లో నలిగి కొన్ని, ఏడాది తిరగ్గానే అక్కర తీరి కొన్ని పోయాయి. కానీ వయసుకు అసలు లెక్కే లేదనకండి. తెలుగు అచ్చులో ఒక గీత ఉంది. దానికి అవతలిదైతే చిరిగిన ఆకైనా సరే దాచాల్సిందే.

ఆ గీత ఎక్కడ గీయాలన్నది చరిత్రను బట్టి తేలుతుంది. తెలుగు లిపిలో తొలి అచ్చు పుస్తకాలు తెలుగు నేల మీద పుట్టలేదు. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746–47లో జర్మనీలోని హాలే నగరంలో చిన్న చిన్న క్రైస్తవ గ్రంథాలు అచ్చు వేయించాడు. తర్వాతి ఘట్టం బెంగాల్లోని శ్రీరామపురం మిషన్ ముద్రణాలయానిది. అక్కడ 1812లో జరిగిన అగ్నిప్రమాదంలో అచ్చు అక్షరాలూ రాతప్రతులూ చాలా కాలిపోయాయి. అది తట్టుకుని 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం వెలువడింది. 1816లో మద్రాసులో ఏ. డి. క్యాంబెల్ వ్యాకరణం వచ్చింది. ద్రావిడ భాషలన్నీ ఒక కుటుంబమని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ చెప్పింది దాని పీఠికలోనే కాబట్టి, తెలుగు చదవనివాళ్ళు కూడా ఆ పుస్తకం కోసం వెతుకుతారు. 1829లో బ్రౌన్ వేమన పద్యాలు, 1838లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర వచ్చాయి. తొలి తెలుగు ముద్రణను పరిశోధించిన జె. మంగమ్మ తన ఆంగ్ల గ్రంథాన్ని 1746 నుంచి 1857 వరకు పరిమితం చేసుకున్నారు. ఐరోపాలో 1501కు ముందు అచ్చయిన పుస్తకాలకు ఉన్న ప్రత్యేక స్థానం తెలుగులో వీటికి ఇవ్వడం అతిశయోక్తి కాదు.

వర్తకుడు: అవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి. నా ఇన్నేళ్ల వ్యాపారంలో వాటిలో ఒక్కటీ నా గుమ్మం తొక్కలేదు. రోజూ వచ్చేవి 1870 నుంచి 1960 దాకా వచ్చిన పుస్తకాలు. వాటిలో తప్పూ తాలూ ఏరడమే నా పని. ఇదుగో, ఈ శతకాల సంపుటే చూడండి. ముఖపత్రం లేదు. ఎప్పటిదో చెప్పండి చూద్దాం.

గ్రంథపాలకురాలు: ముందు చివరి పేజీ తీయండి. పాతవాళ్ళు ఊరూ అచ్చుకూటమూ ఎక్కువగా అక్కడే వేసేవాళ్ళు. ఉంది చూశారా, చెన్నపట్టణమున ముద్రింపబడెనని ఉంది, కింద విభవ నామ సంవత్సర మాఘమని ఉంది. విభవ అంటే 1868లోనో 1928లోనో మొదలైన ఏడు. మాఘం జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడుతుంది కాబట్టి 1869 అయినా కావాలి, 1929 అయినా కావాలి.

వర్తకుడు: అరవై ఏళ్ల తేడా. మా వాళ్ళలో చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ప్రభవ 1927 అని కంఠతా పట్టి, విభవ అనగానే 1928 అనేస్తారు. లేదా కొనేవాడి మొహం చూసి 1868 అంటారు.

గ్రంథపాలకురాలు: పుస్తకమే చెబుతుంది. పద్యాలు చూడండి, పాదానికొక పంక్తి కాకుండా వచనంలా ఏకధారగా పోశారు. తాటాకు అలవాటు ఇంకా పోలేదు. పేజీ అంకెలు తెలుగువి. ‘ధర్మ’ అన్నచోట రేఫ మకారం పక్కన గిలకై కూర్చుంది. వలపలగిలక 20వ శతాబ్దంలోనూ కొన్నాళ్ళు ఉంది కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. కానీ కాగితం వెలుతురుకు పట్టండి, నిలువుగా ఎడంఎడంగా గీతలు కనిపిస్తున్నాయి. గుడ్డపేలికల గుజ్జుతో చేసిన కాగితం, అందుకే ఇప్పటికీ మడతపెడితే విరగదు. 1929 నాటి చౌకబారు శతకం అయితే కర్రగుజ్జు కాగితం మీద ఉండేది. ఈపాటికి టీ రంగుకు తిరిగి, అంచులు అప్పడంలా పొడి అయ్యేవి. నేను 1869 అనే రాస్తాను.

సంవత్సరం పేరు తప్ప ఏమీ లేని చోట ఇలాంటి చిన్న ఆనవాళ్ళే దిక్కు. వాటిలో అన్నిటికన్నా నమ్మదగింది ధర. రూపాయి, అణా, పైలలో 1-8-0 అని ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందుది, లేదా పాత అట్టలు మిగిలితే వాడుకున్నది. ‘న.పై.’ అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది, ఎందుకంటే 1964 జూన్ నుంచి నయాపైసలోని ‘నయా’ పోయింది. చిరునామా మరో సాక్షి. ఊరి పేరు తర్వాత ఆరంకెల పిన్‌కోడు ఉన్న అట్ట 1972 ఆగస్టుకు ముందు అచ్చయ్యే వీల్లేదు. లోపల ఎంత పాత తేదీ ఉన్నా సరే. అరసున్నలు, బండి ఱ, దంత్య చ జల మీద గుర్తులు కాలాన్ని స్థూలంగానే సూచిస్తాయి. పండితుల ప్రచురణల్లో అవి చాలాకాలం నిలిచాయి.

1867 నాటి అచ్చుయంత్రాలు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ఈ పనిలో పెద్ద ఆసరా. ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలని అది నియమం పెట్టింది. ప్రభుత్వానికి ప్రతులు ఇవ్వాలంది. వచ్చిన పుస్తకాల వివరాలతో మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకొక పట్టిక అచ్చువేసేది. పేజీలెన్ని, పరిమాణమేమిటి, ఎన్నో కూర్పు, ధరెంత అన్నవాటితో పాటు ఎన్ని ప్రతులు వేశారన్నది కూడా ఆ పట్టికల్లో ఉంటుంది. పాత పుస్తకం అరుదా కాదా అన్న ప్రశ్నకు ఊహతో కాక అంకెతో జవాబు మొదలుపెట్టగలిగే చోటు అదొక్కటే. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు ఎల్. డి. బార్నెట్ తయారుచేసిన 1912 నాటి సూచిక దానికి తోడు.

వర్తకుడు: పట్టికలో వెయ్యి ప్రతులని ఉంటుంది. అందులో తొమ్మిది వందలు గోదాములో చెదలు తినేశాయా, అన్నీ అమ్ముడుపోయి ఇళ్ళల్లో ఉన్నాయా అన్నది పట్టిక చెప్పదు. అది చెప్పేది మా అనుభవం. సరే, అసలు దానికి వద్దాం. ఈ కన్యాశుల్కం మీద మీరూ నేనూ తగువు పడక తప్పదు. ఇది 1909 నాటి రెండో కూర్పు. అట్ట మారినా లోపల నిండుగా ఉంది. అయినా కొనేవాడు ముందు అడిగేది 1897 ఉందా అనే. మొదటి ముద్రణ అంటే మొదటి ముద్రణే.

గ్రంథపాలకురాలు: అక్కడే మీ బజారు తప్పటడుగు వేస్తోంది. 1897 నాటిది వేరే నాటకమంటే తప్పులేదు. గురజాడ దాన్ని తిరగరాసి, బాగా పెంచి, ఏడంకాల నాటకంగా 1909లో మళ్ళీ ఇచ్చాడు. ఇవాళ జనం చదివేది, ఆడేది, మాట్లాడుకునేది ఈ రెండోదే. అంటే మనకు తెలిసిన కన్యాశుల్కానికి మొదటి ముద్రణ మీ చేతిలో ఉన్నదే. రెండో కూర్పు అన్న మాట చూసి సగం ధర చెప్పడం అన్యాయం.

వర్తకుడు: న్యాయమో అన్యాయమో, 1897 ప్రతులు ఎన్ని మిగిలాయో చూడండి. దొరకనిదానికే కదా ఆరాటం.

గ్రంథపాలకురాలు: దొరకనిది ప్రతి, పాఠం కాదు. బంగోరె 1969లో ఆ మొదటి కూర్పును వెతికి మళ్ళీ అచ్చు వేయించారు. పరిశోధకుడికి అది చాలు.

వర్తకుడు: పరిశోధకుడు నా దగ్గర కొంటే కదమ్మా! మా ఖాతాదారుకు కావలసింది గురజాడ బతికుండగా అచ్చయి, ఎవరో విజయనగరం పెద్దమనిషి చేతిలో తిరిగిన కాగితం.

ఇక్కడ ఇద్దరి మాటా సగమే నిజం. ప్రథమ ముద్రణకు ఉన్న గిరాకీ మూఢత్వమేమీ కాదు. రచయిత మొదట లోకానికి ఏమి చూపించాడో తెలిపే సాక్ష్యం అది. కాకపోతే తెలుగులో ‘కూర్పు’, ‘ముద్రణ’ అన్న మాటలను ప్రచురణకర్తలు ఎప్పుడూ ఒకే అర్థంలో వాడలేదు. పాఠం ఒక్క అక్షరం మారకున్నా రెండో కూర్పు అనేవారు. సగం తిరగరాసినా రెండో ముద్రణ అని ఊరుకునేవారు. ఒక ప్రచురణకర్త నుంచి ఇంకొకరికి హక్కులు మారితే అంకె మళ్ళీ ఒకటి నుంచి మొదలైన సందర్భాలూ ఉన్నాయి. అందువల్ల ముఖపత్రం మీద ‘ప్రథమ ముద్రణ’ అన్న మాట కనిపించగానే సంబరపడకుండా పీఠిక కింది తేదీ, వెనక అట్ట మీది ప్రకటనలు చూడాలి. పీఠిక 1922 నాటిదై, వెనక 1935లో వచ్చిన పుస్తకానికి ప్రకటన ఉంటే ఆ ప్రతి ఎప్పటిదో వేరే చెప్పనక్కర్లేదు.

మాట నిషేధిత పుస్తకాల మీదికి మళ్ళింది. అక్కడ మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

వర్తకుడు: సర్కారు పట్టుకుపోయిన పుస్తకానికి మించిన సరుకు లేదు. ‘రాధికాసాంత్వనం’ 1910 కూర్పు చూపిస్తే నేను బేరమాడను, అడిగినంతా ఇస్తాను.

గ్రంథపాలకురాలు: అది ఒక్క నిషేధం వల్లే కాదు. ముద్దుపళని కావ్యాన్ని 1887లో పైడిపాటి వెంకటనరుసు అచ్చువేయించినప్పుడు కొన్ని పద్యాలు పోయాయి. బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠం వెతికి, తన పీఠికతో 1910లో వావిళ్ళవారి చేత వేయించింది. మరుసటి ఏడే అశ్లీలమని ప్రతులు జప్తు చేశారు. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం ఎత్తేశాక 1952లో మళ్ళీ వచ్చింది. అంటే 1887ది పాతదైనా కోత పడ్డది, 1952ది నిండైనా సులువుగా దొరుకుతుంది. నిండుగానూ ఉండి, పోలీసుల కంట పడకుండానూ మిగిలింది 1910ది. ఇలా మూడు లెక్కలూ ఒకచోట కలవడం అరుదు.

వర్తకుడు: ఉన్నవ ‘మాలపల్లి’ కూడా అంతే కదా. 1922లో వచ్చింది, నిషేధం పడింది, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకే ఊపిరి పీల్చుకుంది. మధ్యలో దాచుకున్నవాళ్ళు అట్ట చింపేసి, వేరే పుస్తకం అట్ట తొడిగి దాచారు. అలాంటి ప్రతికి అట్ట లేదని నేను ధర తగ్గించను.

గ్రంథపాలకురాలు: ఇప్పుడు మీరు నా భాష మాట్లాడుతున్నారు!

తర్వాతి పుస్తకం బ్రౌన్ నిఘంటువు. ముఖపత్రం మీద పాత తేదీ స్పష్టంగా ఉంది, కాగితం తెల్లగా, బైండు గట్టిగా ఉంది. ఇంటివాళ్ళు ఆశ పెట్టుకున్నది దీని మీదే. వర్తకుడు ముఖపత్రం చదవలేదు. మధ్యలో ఒక ఆకు విప్పి, దాని వీపు మీద బొటనవేలు మెల్లగా రాసి, మూసేశాడు.

వర్తకుడు: ఫొటో ముద్రణ. లెటర్‌ప్రెస్ అయితే సీసం అక్షరం కాగితంలోకి దిగుతుంది. అవతలి వైపు వేలితో రాస్తే కందిగింజల్లా తగులుతాయి. ఆకును ఏటవాలుగా వెలుతురుకు పెడితే నొక్కులు నీడలు పడతాయి. ఇది నున్నగా ఉంది. ఢిల్లీలో ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్‌లాంటివాళ్ళు పాత నిఘంటువులను ముఖపత్రంతో సహా ఫొటో తీసి వేశారు. వాళ్ళు మోసం చెయ్యలేదు, మరో పేజీలో తమ పేరూ సంవత్సరమూ వేసుకున్నారు. ఆ పేజీ చింపేసి అమ్మేవాళ్ళదే మోసం.

గ్రంథపాలకురాలు: సరిగ్గా పట్టారు. పైగా బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అంటే 1850ల తొలి నాళ్ళ నాటిదొకటి, వెంకటరత్నం, ఇంకో క్యాంబెల్, వీరేశలింగం సవరించిన 1903 నాటిదొకటి. ఫొటో ముద్రణ దేనికి తీశారో కూడా చూడాలి. ఇప్పుడింకో బెడద వచ్చింది. ఇంటర్నెట్లో ఉన్న స్కాన్లు దింపుకుని, అడిగిన ప్రతికి అడిగినట్టు అచ్చువేసి అమ్ముతున్నారు. స్కాన్‌లో వదిలేసిన పేజీలు వాటిలోనూ ఉండవు.

అచ్చుకూ చేతిరాతకూ మధ్య కూడా పొరపాట్లు జరుగుతాయి. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా 1950లో వచ్చింది. 1981లో గూటాల కృష్ణమూర్తి దాన్ని లండన్ నుంచి కవి చేతిరాతలోనే అచ్చు వేశారు. అది చూసి అసలు రాతప్రతే దొరికిందని పొంగిపోయినవాళ్ళు ఉన్నారు. పెద్ద పరీక్ష అక్కర్లేదు, ఒక అక్షరం మీద భూతద్దం పెడితే చాలు. రాసిన సిరా గీత అంచున కాగితం పీచులోకి పాకుతుంది, అచ్చు పాకదు. రచయిత సంతకం విషయంలో పరీక్ష ఇంకా తేలిక. గురజాడ 1915లో పోయాడు. బాల్‌పాయింట్ పెన్ను 1940లకు ముందు అంగడికి రాలేదు. కాబట్టి గురజాడ పేరుతో బాల్‌పెన్ను సంతకం కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

ఆ తర్వాత చందమామలు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక తొలి ఏళ్ల సంచికలకు తెలుగు వాళ్ళున్న ప్రతి చోటా గిరాకీ ఉంది. మూటలో ఉన్నవి పన్నెండు నెలలకొకటి చొప్పున కాలికో బైండు చేయించినవి. ఇంటి పెద్ద ఎవరో ముచ్చటపడి చేయించి ఉంటారు.

వర్తకుడు: ఈ బైండరే నా నోట మట్టి కొట్టాడు. ముఖచిత్రాలు తీసేశాడు, వెనక అట్ట మీది ప్రకటనలు తీసేశాడు, అంచులు సమంగా రావాలని మూడు వైపులా కోసేశాడు. బొమ్మల అంచులు తెగిపోయాయి. పిన్నులు తుప్పుపట్టి అట్ట ఊడిన విడి సంచికైనా, ముఖచిత్రం ఉంటే దీనికన్నా ఎక్కువ పలుకుతుంది.

గ్రంథపాలకురాలు: కానీ బైండు చేయించబట్టే ఇవి మిగిలాయి. విడిగా ఉంటే ఆ చిత్తుకాగితాల్లోకే పోయేవి.

వర్తకుడు: మీ గ్రంథాలయాలు చేసే పనీ ఇదే. పుస్తకం రాగానే అట్ట పీకి, ఖద్దరు బైండు వేసి, వీపు మీద నంబరు రాస్తారు. వెయ్యి పుస్తకాలు ఒక్క యూనిఫారంలో నిలబడతాయి. అట్ట మీద బొమ్మ ఎవరు వేశారు, ధరెంత అన్నవి అక్కడితో సరి.

గ్రంథపాలకురాలు: తప్పే. పాఠకుడి చేతుల్లో పుస్తకం నిలవాలని చేశారు, అప్పుడు ఇంకో ఆలోచన లేదు. ఇప్పుడు అసలు అట్టను లోపల కలిపి కుడుతున్నాం. మీ బజారు చేసే మరమ్మతు మాత్రం తక్కువా? చిరిగిన చోటల్లా సెల్లో టేపు. పదేళ్లకు టేపు ఊడుతుంది, జిగురు మాత్రం పసుపు మరకై అక్షరాల మీద శాశ్వతంగా ఉండిపోతుంది. రామబాణం పురుగు తొలిచిన చిల్లు నయం, అది పోయినంత మేరే పోతుంది.

పుస్తకం నిండుగా ఉందో లేదో చూడడానికి పేజీ అంకెలు మాత్రమే చాలవు. పీఠికకు వేరే అంకెలు ఉంటాయి, చిత్రాలకు అసలు ఉండవు. పేజీ అడుగున ఎనిమిదికో పదహారుకో ఒకసారి కనిపించే చిన్న అంకె ఫారం సంఖ్య. ఆ సంఖ్యల వరుస తెగకపోతే ఒళ్ళు నిండుగా ఉన్నట్టు. తర్వాత ముఖచిత్రం, అంకితం, చివరి తప్పొప్పుల పట్టిక చూడాలి. తప్పొప్పుల పట్టిక కొన్నిసార్లు విడి కాగితంగా అతికించేవారు కాబట్టి అదే మొదట రాలుతుంది. 1924లో మొదలైన ‘భారతి’ సంచికల్లోనూ, ఆంధ్రపత్రిక ఉగాది సంచికల్లోనూ రంగుల బొమ్మలుండేవి. పటం కట్టించుకోవడానికి వాటిని కోసుకోవడం ఒకప్పుడు మామూలు. వీటికి ధర కట్టేముందు బొమ్మలు లెక్కపెట్టడం తప్పనిసరి.

వర్తకుడు: నా కొలత చెబుతాను. ముఖపత్రం లేకపోతే సగం పోయింది. మధ్యలో ఫారం లేకపోతే అది పుస్తకం కాదు, ఇంకో ప్రతిని నిండించడానికి పనికొచ్చే సరుకు. పురుగు చిల్లు అక్షరం మీద లేకపోతే పట్టించుకోను. నీటి మరకను పట్టించుకుంటాను, అది బూజుకు దారి. పాత యజమాని సంతకం ఉంటే తగ్గించను, ఆయన ఎవరో తెలిసినవాడైతే పెంచుతాను. గ్రంథాలయం ముద్ర ఉంటే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంటాను.

గ్రంథపాలకురాలు: అందరూ మీలా లాక్కుంటే మా బీరువాలు ఇంత ఖాళీ అయ్యేవి కావు. ముద్ర పక్కన తొలగించినట్టు ఇంకో ముద్ర, తేదీ, సంతకం ఉంటేనే అది అమ్మకానికి వచ్చిన పుస్తకం. ఏదో రేకుతో గీకేసిన ముద్ర ఉంటే దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ముద్రను మచ్చ అనకండి. వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో ఉన్న పుస్తకంలో దాత పేరు, ఇచ్చిన తేదీ చూస్తే ఆ రోజుల్లో ఎవరు ఏం చదివారో తెలుస్తుంది. మార్జిన్లో పండితుడు రాసుకున్న పాఠాంతరం మీకు మరక, నాకు రెండో పుస్తకం.

వర్తకుడు: అయితే అసలు ప్రశ్న మిగిలింది. ఈ పుస్తకాలన్నీ స్కాను చేసి ఇంటర్నెట్లో పెట్టేశారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు తెలుగువి ఎన్నో ఎక్కించారు. చదువుకోవడానికి ఇంటర్నెట్లో ఉచితంగా ఉన్నప్పుడు, నా దగ్గర కొనేది ఎందుకు?

గ్రంథపాలకురాలు: స్కాన్ వల్ల మామూలు పుస్తకాల వెల పడింది, నిజమే. అవసరానికి కొనేవాళ్ళు తగ్గారు. కానీ అరుదైనవాటి వెల పెరిగింది కూడా. ఇంతకుముందు ఫలానా పుస్తకం ఉందనే ఎవరికీ తెలియదు. ఇప్పుడు చూసినవాళ్ళకు అసలు ప్రతి కావాలనిపిస్తోంది. స్కాన్‌లో కాగితం తెలియదు, నొక్కు తెలియదు, అట్ట చాలాసార్లు ఉండదు. మీ బొటనవేలికి పని తప్పలేదు.

వెల కట్టే తీరులో ఇద్దరిదీ వేరు దారి. వర్తకుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: ఇలాంటిది ఇంతకుముందు ఎన్నిసార్లు చూశాను, చివరిసారి ఎంతకు పోయింది, దీన్ని అడిగిపెట్టుకున్నవాళ్ళు ఎందరు. ఎవరూ అడగని పుస్తకం లోకంలో ఒక్కటే ప్రతి ఉన్నా అతని దగ్గర అల్మారా నిండుతుందే తప్ప పెట్టె నిండదు. పాత వ్యవసాయ కరపత్రాలు, జమీందారీ లెక్కల పుస్తకాలు, కుల సభల నివేదికలు అలాంటివి. గ్రంథపాలకురాలి లెక్కలో అవే ముందుంటాయి, ఎందుకంటే ఇంకెక్కడా దొరకని సమాచారం వాటిలోనే ఉంటుంది. గట్టిగా చూస్తే అక్కడ ఆమెదే సరైన లెక్క. బజారు ఆ సంగతి పసిగట్టేసరికి ఆ కాగితాలు సాధారణంగా ఉండవు. జనాదరణ ఉన్నవాటి విషయంలో అతని లెక్కే సరి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలను గ్రంథాలయాలు చిన్నచూపు చూసి కొనలేదు, కొన్నా దాచలేదు. వాటిని ఇవాళ్టిదాకా కాపాడినవాళ్ళు సేకర్తలూ, పాత పుస్తకాల అంగళ్ళూను.

వర్తకుడు: మూట అడుగున తాటాకుల కట్ట కూడా ఉందమ్మా. విదేశం నుంచి ఒకాయన అడుగుతున్నాడు.

గ్రంథపాలకురాలు: అది మాత్రం ముట్టుకోకండి బాబాయిగారూ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతికి డెబ్బై అయిదేళ్లు దాటితే అది పురావస్తువే. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. ఇక్కడ అమ్మాలన్నా లైసెన్సు కావాలి. ఇంటివాళ్ళనే పిలిచి, ఏదైనా ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి ఇవ్వమందాం.

చివరికి బేరం ఇలా తేలింది. భాగవతం ఇంటివాళ్ళకే తిరిగి వెళ్ళింది. పాటల పుస్తకాలూ చందమామలూ వర్తకుడు తీసుకున్నాడు. నిఘంటువుకు వాడుక ధర కట్టారు. కన్యాశుల్కం మీద ఇద్దరూ చెరో అంకె చెప్పి ఎవరి అంకె మీద వాళ్ళే ఉన్నారు. శతకాల సంపుటిని గ్రంథపాలకురాలు తీసుకుంది. వర్తకుడు దాని లోపలి అట్ట మీద, సిరాతో కాకుండా మెత్తని పెన్సిలుతో, ‘ము.ప. లేదు, 6 ఫారాలు నిండు, విభవ, 1869’ అని రాసి చేతికిచ్చాడు.